హరిబాబు గారు ఊళ్ళో లేరండి

ఫోన్ ఎత్తగానే హరిబాబు గొంతు సన్నగా మార్చేశాడు.

"హరిబాబు గారు ఊళ్ళో లేరండి. నేను వాళ్ళ బావమరిదినండి."

అవతలి మాట సగంలో ఉండగానే రిసీవర్ పెట్టేసి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా నవ్వాడు.

"మళ్ళీ ఆ ఇన్సూరెన్స్ చంద్రరావేనా?" అంది సూర్యకళ.

"ఇంకెవరు? మొహం చూడకుండానే విసుగొచ్చేసింది ఆ మనిషి మీద."

"పిల్లల వైద్యానికి పాలసీ అంటున్నాడు కదండీ. ఓసారి వింటే పోయేదేముంది?"

వంటింట్లోంచి అత్తగారు బుల్లెమ్మ అందుకుంది.

"నిక్షేపంలాంటి పిల్లలు మంచాన పడతారని ముందే డబ్బు కడతారుటే ఎవరైనా? రోగాన్ని బొట్టుపెట్టి పిలిచినట్టు!"

"పైగా కలర్ టీవీకి దాచుకుంటుంటే మధ్యలో ఇదొకటి" అన్నాడు హరిబాబు.

సూర్యకళ ఆ సంగతి అంతటితో వదిలేసింది. టీవీ మీద ఆశ ఆవిడకీ ఉంది.

ఆ ఆదివారమే ఆరేళ్ళ గణేష్ జామచెట్టు మీంచి పడ్డాడు.

మోచెయ్యి విరిగింది. ధవళేశ్వరం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి ఆటోలో పరుగెత్తారు.

"ఆపరేషన్ చేసి లోపల పిన్ను వెయ్యాలి. ముందు డబ్బు కట్టిరండి" అన్నాడు డాక్టరు.

కౌంటర్ దగ్గర కంగారులో హరిబాబు గొంతు దానంతటదే సన్నబడిపోయింది.

"నా పేరు హరిబాబండీ... ధవళేశ్వరమండీ..."

పక్కన నిలబడ్డ నడివయసాయన చటుక్కున తిరిగి చూశాడు. చిన్నగా నవ్వాడు.

"భయపడకండి. చిన్నపిల్లల ఎముక, ఇట్టే అతుక్కుంటుంది. మీరు డబ్బు సంగతి చూడండి, పాపని నాకివ్వండి."

సూర్యకళ చంకలోని హారతి, కొత్త అన్నది లేకుండా ఆయన మెడ పట్టుకుంది.

ఆపరేషన్ అయ్యేదాకా ఆయన కదల్లేదు. మందులు తెచ్చాడు. అందరిచేతా పెసరట్లు తినిపించాడు.

"ఇక్కడ అందరూ మీకు తెలిసినట్టున్నారే!" అంది సూర్యకళ.

"ఆయ్. మనవాళ్ళెవరో ఒకరు ఇక్కడ చేరుతూనే ఉంటారండి. వాళ్ళ పనుల మీద తిరుగుతుంటాను."

బుల్లెమ్మ ఆయన దగ్గర మనసు విప్పేసింది.

"ఇదంతా ఓ ఇన్సూరెన్సువాడి నోటి చలవ బాబూ! 'పిల్లలకి ఏదన్నా అయితే' అంటూ ఒకటే ఫోన్లు. అన్నట్టే అయ్యింది."

"అలాంటివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకూడదండి పిన్నిగారూ" అన్నాడాయన, మొహంలో నవ్వన్నది లేకుండా.

గణేష్ కళ్ళు తెరిచి జామకాయ అడిగాక గానీ ఆయన వెళ్ళలేదు. వెళ్ళాక తెలిసింది, పేరన్నా అడగలేదని.

కలర్ టీవీ డబ్బు మొత్తం ఆసుపత్రికే పోయింది.

"అమ్మా, అయితే మన టీవీ నా చేతిలోనే ఉందా?" అన్నాడు గణేష్, పిండికట్టు చూసుకుంటూ.

ఇంటికొచ్చాక నవ్వుకోవడానికి అదొక్కటే మిగిలింది.

"హారతి పేరు మీదన్నా పాలసీ తీసుకుందామండీ. ఈసారి ఎక్కడ పడతారో ఎవరికి తెలుసు?" అంది సూర్యకళ.

హరిబాబు తల్లివైపు చూశాడు.

"ఆ ఆసుపత్రి బాబులాంటివాడొచ్చి చెప్తే కళ్ళు మూసుకుని కట్టేద్దును" అంది బుల్లెమ్మ. "అంతేగానీ ఆ ఫోన్లవాడి మాట నా దగ్గర ఎత్తకండి!"

అప్పుడే ఫోన్ మోగింది.

హరిబాబు అలవాటు కొద్దీ ఎత్తాడు.

"హరిబాబు గారు ఊళ్ళో లేరండి. నేను వాళ్ళ బావమరిదిని..."

అవతలి గొంతు చెవిన పడగానే రిసీవర్ సూర్యకళ చేతిలో పెట్టేశాడు.

అవతల, పెసరట్లు తినిపించిన గొంతే.

"పాలసీ కోసం కాదండి బావమరిది గారూ. హరిబాబు గారు ఊరి నుంచి రాగానే, బాబు చెయ్యి ఎలా ఉందో ఓసారి చెప్పమనండి... చంద్రరావు అడిగాడని."