చేదు ఎవరికంటింది

శాంతమ్మ రెండు చేతులూ చాచి పిలవగానే రెండేళ్ల మనవరాలు అర్పిత, తల్లి ప్రవల్లిక కొంగులోకి దూరిపోయింది.

“అవ్వ బేడ! బేడ!” అంటూ పక్కింటి పిల్లల దగ్గర నేర్చిన కన్నడంలో వద్దు వద్దని కేకలు పెట్టింది.

పాలు మాన్పించడానికి మూడు రోజులుగా ప్రవల్లిక రొమ్ముకు వేపాకు ముద్ద పూసుకుంటోంది. బిడ్డ తనను అసహ్యించుకుంటుందేమోనని ఆమెకు కంటిమీద కునుకు లేదు. పూసిన ప్రతిసారీ అత్త శాంతమ్మ పక్కనే కూర్చుని “థూ, చేదు!” అని మొహం చిట్లించేది. పిల్ల పాలు మానేసింది గానీ తల్లిని వదల్లేదు.

“పూసుకున్నది నేనైతే కోపం మీ మీదనా, అత్తమ్మా?” ప్రవల్లిక నొచ్చుకుంది.

“రెండేండ్ల తీపి మూడు దినాలల్ల పోతదా? చేదును, పక్కన కూసున్న నన్ను ఒక్కతాన ముడేసుకున్నది. నీ మొగడు గూడ పాలు మాన్పినప్పుడు గిట్లనే మా అత్తను చూసి ఆర్నెల్లు ఉరికిండు.”

ప్రవల్లిక బిత్తరపోయింది. “అంటే మీకు ముందే ఎరుకనా? మరెందుకు కూసున్నరు?”

“చేదు ఎవరికో ఒకరికి అంటాలె గద. నీకు అంటొద్దని.”

ప్రవల్లిక కళ్లు నిండాయి.

“ఏడ్వకే పిచ్చిదానా! పది దినాలు ఆగు. ఇంట్ల వేప వాసన పోయినంక నీ ఎర్ర చీర కట్టుకొని, చేతుల బెల్లం పట్టుకొని వాకిట్లకెళ్లి వస్త. ‘కొత్తవ్వ వచ్చింది’ అని నువ్వు చెప్పాలె. నవ్వినవంటే ఇద్దరం దొరికిపోతం!”