నెమలీక గుర్తు పరుపు

చెరుకుతోట గట్టు కింద బొరియలో పాలమ్మ అనే కుందేలు ఉండేది. నెలలు నిండాయి, తొలి కాన్పు. పుట్టబోయే పిల్లలకు ఏ లోటూ రాకూడదని, చలికాలానికి దాచుకున్న చిలగడదుంపలన్నీ జెముడుకాకి కొట్లో పోసి బూరుగుదూది పరుపు తెచ్చుకుంది. పక్కనే చవకరకం దూది ఉన్నా ముట్టుకోలేదు. దీనికి నెమలీక గుర్తు ఉంది మరి.

"అన్ని దుంపలు పోశావేమిటే పిల్లా?" అంది పక్కచెట్టు ఉడతత్త.

"మంచిది కాకపోతే ఊరికే అంత ధర చెబుతారా అత్తా?"

పిల్లలు పుట్టాయి, ఒంటిమీద నూగైనా లేకుండా. అవి కదిలినప్పుడల్లా దూది జారిపోయింది, గాలికి లేచి బయటికి ఎగిరిపోయింది. పిల్లలు వణుకుతూ కీచుమన్నాయి. పాలమ్మ పరుపుకు కుట్టిన నెమలీకను తిప్పితిప్పి చూసింది. అది మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక ఉండబట్టలేక, తన పొట్టమీది బొచ్చు తానే పళ్లతో పీకి పిల్లల చుట్టూ కూరింది. అది వాటిని అంటిపెట్టుకుంది. వణుకు తగ్గి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయాయి.

మర్నాడు ఉడతత్త వచ్చి, ఆ మెత్తదనంలో చెయ్యి పెట్టి మురిసిపోయింది.

"పోనీలే, పోసినదానికి తగ్గట్టే ఉంది. మా అమ్మాయికీ ఇదే తెస్తాను. ఏం గుర్తన్నావు?"

పాలమ్మ సిగ్గుపడుతూ పక్కకు ఒత్తిగిలింది. బొచ్చు లేని పొట్ట చలికి ఎర్రగా కందిపోయి ఉంది.

ఉడతత్త పక్కనే పడుకుని, తన తోక తెచ్చి ఆ పొట్టమీద కప్పింది.