రాములు భార్య

"రాములు భార్య ఎవరమ్మా?"

ఐసీయూ తలుపు తీసి నర్సు కేకేసింది. బెంచీ మీద ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి లేచారు. నర్సు చేతిలోని బొగ్గు కంపెనీ వైద్యం కార్డు చూసుకుంది. అందులో భర్త ఫొటో పక్కనే భార్య ఫొటో ఉంది.

"గంగుబాయి మీరే కదా? మీరొక్కరే రండి."

గంగుబాయి లోపలికి నడిచింది. ఆమె యారాలు, అంటే తోడికోడలు, తారాబాయి మళ్లీ బెంచీ మీద కూలబడింది.

శ్రీరాంపూర్ నుంచి కరీంనగర్ ఆస్పత్రికి వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో వార్డు బయటివాళ్లంతా వీళ్ల గురించి ఒక నిర్ణయానికి వచ్చేశారు. ముఖ్యంగా మంథని నుంచి అత్తను తీసుకొచ్చిన రమ. అత్త సంగతి ఎలా ఉన్నా, రమకు మాత్రం ఇక్కడ పొద్దు బాగానే పోతోంది.

"మొగడు గట్ల పడి ఉంటె పెండ్లానికి కంట్ల నీళ్లు లేవు. యారాలేమో అన్నం గూడ ముడుతలేదు. ఏందో ఉన్నది," అంది పక్కామెతో.

రమకు అనుమానం రావడంలో తప్పు లేదు. మొదటి రోజు డాక్టర్ "ఆయాసం ఎన్నేండ్ల సంది ఉన్నది?" అని అడిగితే గంగుబాయి తారాబాయి వైపు చూసింది. తారాబాయే గబగబా చెప్పింది.

"ఆరేండ్లాయె సారూ. పండుకుంటె ఊపిరాడది. తెల్లార్లు గోడకు ఒరిగి కూసుంటడు. ఈపు రుద్దుతుంటె జర నిమ్మలమైతది."

చెప్పాక నాలుక కరుచుకుంది. రమ పక్కామెను మోచేత్తో పొడిచింది.

తలుపు తెరుచుకుంది. గంగుబాయి వెంట డాక్టర్ కూడా బయటికి వచ్చాడు.

"సూడమ్మా, మెదడు పని చేస్తలేదు. పెద్ద డాక్టర్లు గూడ చూసిండ్రు. ఇగ లేసే ఆశ లేదు. మిషనే ఊపిరి తీస్తున్నది. ఉంచుమంటరా, తీసెయ్యమంటరా? పిల్లలెవరన్న ఉన్నరా?"

"లేరు సారూ," అంది గంగుబాయి, తారాబాయి వైపు చూస్తూ.

"ఆమెను చూస్తరేంది? మీరు చెప్పుండ్రి."

"తీసెయ్యొద్దు సారూ!" తారాబాయి అడ్డం వచ్చింది. "మీ కాళ్లు మొక్కుత. ఇంకో రెండు దినాలు సూడుండ్రి."

"మీరేమైతరు?"

తారాబాయి పెదవులు కదిలాయి. గంగుబాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యారాలును," అంది తారాబాయి.

"భార్య చెప్పాలమ్మా." డాక్టర్ కాగితం గంగుబాయి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

చెమటకు గంగుబాయి నుదుటి బొట్టుబిళ్ల ఊడి ఒళ్లో పడింది. తారాబాయి దాన్ని తీసి మళ్లీ నుదుటికి నొక్కి అంటించింది. గంగుబాయి సిగ్గుతో తల దించుకుంది.

"నాతోని కాదు తారా. నువ్వే చెప్పు. ఏం జెయ్యమంటవ్?"

తారాబాయి లేచి తలుపు అద్దంలోంచి చూసింది. గొట్టం బిగించిన ఛాతీ ఎగిసి పడుతోంది. లోపలికి పోయే వీల్లేదు, బయట గట్టిగా ఏడ్చే వీలూ లేదు. ఇంత చేతకానితనం ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఊపిరి కోసం ఎంత కొట్లాడిండో నేను జూసిన్నక్కా. ఇగ సాలు. ముద్ర ఎయ్యి."

గంగుబాయికి సంతకం రాదు. నర్సు ఇంకు డబ్బా తెచ్చింది. గంగుబాయి చెయ్యి వెనక్కి తీసుకోబోతే తారాబాయే ఆమె మణికట్టు పట్టుకుని కాగితం మీద నొక్కించింది.

"భార్య వచ్చి దగ్గర కూసోవచ్చు," అంది నర్సు.

"అమ్మా, నేనొక్కసారి పోయొస్త. నోట్లె చుక్క నీళ్లు పోసి వస్త," అని తారాబాయి నర్సును బతిమాలింది.

"కార్డుల ఉన్నామెనే పంపాలె. మల్ల నన్ను తిడతరు."

గంగుబాయి వెనక్కి వెనక్కి చూస్తూ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. తారాబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఆ తలుపు ముందే నేల మీద కూర్చుండిపోయింది.

"బావ కోసం గింత ఏడుస్తరా ఎవలన్న?" అంది రమ.

నౌకరి కాగితం చేతికొచ్చిన వారానికే పాము కరిచి గంగుబాయి మొగుడు రాములు చనిపోయి నలభై ఏళ్లయింది. ఇప్పుడు లోపల పోతున్నది, ఆ కాగితం పట్టుకుని అన్న పేరు మీద గనిలో దిగిన తమ్ముడు రాయమల్లు, తారాబాయి మొగుడు.