ప్రతి శనివారం ఓడిపోయే జట్టు

"ఇప్పుడు తంతాడు చూడు. పోయి స్తంభానికే తగులుతుంది," అన్నారు ఏసుకుమారి గారు, ఉల్లిపాయలు తరుగుతూ, టీవీ వైపు చూడకుండానే.

పద్నాలుగో నంబరు కుర్రాడు తన్నాడు. కోలగా ఉన్న బంతి గాలిలో వంపు తిరిగి స్తంభానికి తగిలింది. ఆరు పాయింట్లు రావలసిన చోట ఒక్కటే వచ్చింది. సాముయేలు గారు సోఫాలో వెనక్కి వాలి, "అబ్బా" అని నిట్టూర్చారు.

ఆ నిట్టూర్పు సహానాకు బాగా తెలుసు. జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో చదువు ముగించి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం దొరికి, ఈ ఇంటి పైగదిలో అద్దెకు దిగి ఇంకా నెల కాలేదు. ఆఫీసంటే ఆ గదిలోని బల్లే. శనివారం పొద్దున మాత్రం కింది నుంచి జనం కేకలు, వాటి వెనకే ఆయన నిట్టూర్పు వినిపించేవి. ఈవేళ కూరగిన్నె తిరిగి ఇవ్వడానికి దిగితే, కాఫీ తాగి వెళ్ళమని ఆవిడ కూర్చోబెట్టారు. ఇంటికి బయటి మనిషి ఒక్కరికి మించి రాకూడదని రూలు. ఆ ఒక్కరూ వచ్చేశారు కదా అని ఆవిడ నవ్వారు. నవ్వు కళ్ళ దాకా రాలేదు. ఈ లాక్‌డౌన్లో ఎవరి నవ్వు అక్కడిదాకా వచ్చింది గనక, అనుకుంది సహానా.

ఆట ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. ఇది సీజన్ మొదలవక ముందు అలవాటు కోసం ఆడే ఆటట. నీలం చొక్కాల వాళ్ళు తమ జట్టని సాముయేలు గారు చెప్పారు. కొడుకు జోనా మెల్‌బోర్న్‌లో ఉద్యోగానికి వెళ్ళి ఆ జట్టు పిచ్చిలో పడ్డాడు. చిన్నప్పుడు తెలుగులో అడిగితే జర్మన్లో జవాబిచ్చే పిల్లాడు, ఈ ఆట పుణ్యమా అని గంటలకొద్దీ తండ్రితో తెలుగులో వాదించడం నేర్చాడు. ఆ వాదన కోసమే ఈయనా ఆట నేర్చుకున్నారు.

"స్టేడియంలోనే ఉన్నాడు. మూడో క్వార్టర్లో కనిపిస్తాడు," అన్నారాయన.

సహానాకు ఇప్పుడు అర్థమైంది. ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసి ఏడాది అయింది. కొడుకును చూడాలంటే వీళ్ళకు ఈ టీవీయే దారి.

"అక్కడ ఎవరికీ మాస్క్ లేదే అంకుల్. పక్కపక్కనే కూర్చున్నారు."

"లేదమ్మా. అదృష్టవంతులు."

"మీరు వెళ్ళే వీలే లేదా?"

జవాబు ఏసుకుమారి గారు చెప్పారు. "జూలైలో ఎంతో ప్రయత్నం చేశామమ్మా. ఫ్లైట్ లేదు, పర్మిషన్ లేదు. చర్చి, పాటలు, పువ్వులు, అన్నీ ఫోన్లోనే చూశాం."

పెళ్ళయి ఉంటుంది, అనుకుంది సహానా. కానీ గోడ మీద పెళ్ళి ఫోటో ఒక్కటీ లేదు. కోడలి మాట ఎత్తలేదు. ఇష్టం లేని సంబంధమేమో. ఆమె ఇంకేమీ అడగలేదు.

మూడో క్వార్టర్ మొదలైంది. ఏసుకుమారి గారు కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి భర్త పక్కన కూర్చున్నారు. సాముయేలు గారు సౌండు కాస్త తగ్గించారు. పద్నాలుగో నంబరు వాడు మళ్ళీ గురి తప్పాడు. కెమెరా జనం మీదికి వెళ్ళింది. నీలం మఫ్లర్ వేసుకున్న కుర్రాడొకడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని, తెర మీద తనను తాను చూసుకున్నాడేమో, సిగ్గుగా నవ్వేశాడు. అంతే, కెమెరా బంతి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఆ మఫ్లర్ నేను అల్లిందే," అన్నారు ఏసుకుమారి గారు. "అంత ఎండలో ఎందుకురా అంటే వినడు."

"ఇంతమందిలో మీ అబ్బాయినే పట్టుకున్నాడు కెమెరా వాడు. రికార్డు చేసి ఉండాల్సింది అంకుల్."

"ఉందమ్మా," అన్నారాయన.

ఆవిడ మళ్ళీ ఉల్లిపాయల దగ్గరికి వెళ్ళారు. ఆ తర్వాత ఆట వైపు చూడలేదు. నీలం జట్టు ఓడిపోయింది.

సాముయేలు గారు ఓటమిని విప్పి చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో ఆడేవాళ్ళకు పరుగు లేదు, వెనక కాపలా కాసేవాడు ముసలివాడయ్యాడు, ఆ పద్నాలుగో నంబరు వాడికి కాలు మంచిదే గానీ భయం. సహానా తెలియక ఏదో అడిగినా ఓపిగ్గా చెప్పారు. ఒక్కో మాట తర్వాత కాసేపు ఆగేవారు, ఎవరో కాదంటారని ఎదురు చూస్తున్నట్టు. ఎవరూ కాదనలేదు. బల్ల మీద ఫోను మోగలేదు. ఆట అయిపోయింది కదా, ఒక్క ఫోను చేయడానికి ఆ కొడుక్కి ఏం అడ్డమొచ్చింది, అని సహానాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

"ఇవి లెక్కలోకి రాని ఆటలు డాడీ, సీజన్లో చూసుకుందాం అంటాడు," అన్నారాయన తనలో తాను.

"ప్రతి శనివారం మీ నిట్టూర్పు పైకి వినిపిస్తుంది అంకుల్. మీ జట్టు ఎప్పుడూ ఓడిపోవడమేనా?" వాతావరణం తేలిక చేద్దామని అడిగింది.

"అవునమ్మా. ఎప్పుడూ ఇంతే తేడాతో."

ఆయన లేచి టీవీ నుంచి లాప్‌టాప్ కేబులు ఊడదీసి, జాగ్రత్తగా చుట్టడం మొదలుపెట్టారు. ఆ వంగిన వీపును చూస్తే సహానాకు జాలి వేసింది.

"వచ్చే శనివారం తప్పకుండా గెలుస్తారు చూడండి. నేనూ వస్తాను. ఎవరితో ఆంటీ ఆట?"

ఏసుకుమారి గారు ఆమె చేతిలోంచి ఖాళీ కప్పు అందుకున్నారు.

"వచ్చే వారమూ ఇదే ఆటమ్మా, మా జోనా మిగిలింది ఇందులోనే."