శోకం పెట్టె

బాలమణి శవం పక్కన చాప మీద శోకం పెట్టెను ఉంచారు. పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటూ రాగం తీసి ఏడవడం ఇప్పుడు ఎవరికీ రాదు. ప్రతి ఇంట్లోనూ అందరి మాటలూ వింటూ ఉండే ఈ పెట్టే ఆ పని చేస్తుంది.

“చింతచిగురు పప్పు ఇగ ఎవరు వండుతరు తల్లీ, మోకాళ్లు గుంజుతున్నయని ఇగ ఎవరికి చెప్పుకుంటవు తల్లీ” అని పెట్టె ఏడ్చింది. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కూతురు సుగుణ మాత్రం లేచి నీళ్లు తాగింది, గుమ్మం దాకా వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ కూడా తల్లి మోకాళ్ల నొప్పి సంగతి ఆమెకు తెలియదు.

మేనత్త అంజవ్వకు చిర్రెత్తుకొచ్చింది, పెట్టెను ఆపేసింది. “కూతురివి నువ్వున్నవు గద. నువ్వే ఏడువు బిడ్డా.”

సుగుణ తల్లి పాదాలు పట్టుకుంది. “ఓ అవ్వా” అంది. తర్వాతి మాట రాలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె పెట్టెను మళ్లీ ఆన్ చేసి, దాని మీదికి వంగి గుసగుసగా అడిగింది.

“అవ్వకు నా మీద కోపముండెనా?”

“అది నీకు చెప్పొద్దన్నది” అంది పెట్టె.