ఎవరూ కదపని మీట

నగరంలో పొగ తగ్గించే ఆటను ఏటా ఊరంతా ఫోన్లలో ఆడుతుంది. పొగ వదిలే ఒక్కోదాన్ని ఎంతవరకు ఉంచాలో దాని మీట జరిపి చెప్పాలి; సున్నా అంటే అసలు వద్దని. ఎక్కువమంది ఎంచుకున్నదే మరుసటి ఏడు చట్టం. ఆ ఆటను తయారుచేసిన హైమవతి, మీటలు జరపడం ఎలాగో చూపడానికి కిటికీలోంచి కనబడిన బొగ్గుల ఇస్త్రీబండిని నమూనాగా తీసుకుంది. దాని మీటను సున్నా దగ్గర పెట్టి, మార్చడం మరిచిపోయింది. ఆడినవాళ్లెవరూ దాన్ని కదపలేదు.

ఈ ఉదయం కొత్త చట్టం ప్రకారం మునిసిపాలిటీవాళ్లు ఆ బండిని లారీ ఎక్కించుకుపోయారు. ఆలోపే ఇస్త్రీ ముగించిన ఆమె చీరను బండి నడిపే సింహాచలం తెచ్చాడు. అతనికి వేరే పని రాదు.

"నువ్వూ ఆడావా, తాతా?"

"ఆడినాను తల్లీ. నా బండి సున్నా కాడుంది. పైకి జరుపుదామనుకున్నాను. సదూకున్నదానివి, నువ్వెట్టింది ఊరికే ఎట్టవు కదా అని ఒగ్గేసినాను."

చీర ఇంకా వెచ్చగానే ఉంది.