టోపీ వడపోత

"ఆ టోపీ తీసెయ్ పెద్దాయనా! పెట్రోలు నేరుగా పొయ్యి!" రాయ్ అరిచాడు.

ముసలాయన వినిపించుకోలేదు. తన ఉన్ని టోపీని విమానం ట్యాంకు మూతిలో ఉంచి, టిన్ను మెల్లగా వంచాడు. పెట్రోలు టోపీలోంచి సన్నటి ధారగా దిగుతోంది.

రాయ్‌కి ఒళ్లు మండిపోయింది.

సిడ్నీ నుంచి ఒంటరిగా ఎగిరి వస్తున్నాడు. మూడో రోజు పొద్దుగూకేలోగా డార్విన్‌లో దిగితే రికార్డు అతనిదే. దారిలో ఇదే చివరి మజిలీ, టారిల్లా. ఇక్కడ ఈ శని దాపురించింది.

"ఇంకెన్ని టిన్నులు?"

"నాలుగు బాబూ."

"నువ్విలా పోస్తుంటే నా గడ్డం ఇక్కడే నెరుస్తుంది!"

"నెరవనీ. అందుకైనా బతికుండాలిగా."

చుట్టూ చేరిన పశువుల కాపర్లు పకపకా నవ్వారు.

ఆఖరి టిన్ను దగ్గర రాయ్ ఓపిక చచ్చిపోయింది. టోపీ లాక్కుని దుమ్ములోకి విసిరేశాడు. అందులోంచి దోసెడు నీళ్లు అతని బూట్ల మీద చిందాయి. అతను పట్టించుకోనే లేదు.

"ఎప్పుడైనా విమానం ఎక్కిన మొహమేనా? తొందరంటే నీకేం తెలుసయ్యా!"

ముసలాయన వంగి టోపీ తీసుకున్నాడు. దులిపి, మళ్లీ ట్యాంకు మూతిలోనే పెట్టాడు.

"తెలుసు బాబూ" అన్నాడు.

రాయ్ థాంక్స్ కూడా చెప్పకుండా ఎగిరిపోయాడు.

డార్విన్‌లో చక్రాలు నేల తాకేసరికి పొద్దుగూకి పదకొండు నిమిషాలైంది. గడియారాలు పట్టుకుని నిలబడ్డ పెద్దమనుషులు తలలు అడ్డంగా ఊపారు.

రాయ్ కళ్లజోడు నేలకేసి కొట్టాడు. ఏడుపొక్కటే తక్కువ.

"టారిల్లాలో ఒక ముసలి పీనుగ నా కొంప ముంచాడు! ప్రతి టిన్నూ టోపీతో వడకట్టాడు!"

మెకానిక్ ఆల్ఫ్ చేతిలో పని ఆపాడు.

"ఆ ముసలాయన, కియో గారా? టోపీలో ఏమైనా మిగిలిందా?"

"ఏవో నీళ్లు. నా బూట్ల మీద పడ్డాయి."

"ఆ నీళ్లు ఇంజన్లోకి పోయుంటే ఈపాటికి నీకోసం అడవులు గాలిస్తూ ఉండేవాళ్లం."

రాయ్ తల వంచి తన బూట్ల వైపు చూశాడు.

"రెండేళ్ల కింద ఆయన కొడుకూ నీలాగే ఈ రికార్డు కోసమే ఒంటరిగా బయల్దేరాడు. 'టైం లేదు, త్వరగా పొయ్యి నాన్నా' అన్నాడట" ఆల్ఫ్ గొంతు తగ్గించాడు. "వడకట్టకుండా పోసి పంపింది ఆయనే."